పనిమనిషి కొడుకు, పాలరాతి మందిరం

1990 మే నెల. మెక్సికో నగరం నడిబొడ్డున ఉన్న బెయ్యాస్ ఆర్తెస్ కళామందిరంలో ఒక పాప్ గాయకుడి కచేరీ అనగానే పెద్దమనుషులు గగ్గోలు పెట్టారు. ఒపేరాలకూ, సింఫనీలకూ, బాలేలకూ కట్టిన తెల్ల పాలరాతి మేడ అది. రేడియోలో మోగే పాటలకు, తళుకుల కోటు వేసుకుని నడుము తిప్పే మనిషికి అక్కడేం పని అని వాళ్ల గొడవ. పైగా వెనక వాయించేది జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రా!

ఆ మనిషి పేరు హువాన్ గాబ్రియెల్. జనం ముద్దుగా హువాంగా అంటారు. కచేరీ ఆగలేదు.

ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూసి తీరాలి. ఎన్రికె పత్రోన్ దె రువేదా ఆర్కెస్ట్రాను నడిపిస్తుంటే, 'అస్తా కె తె కొనొసీ' అనే పాటను అతను దాదాపు గుసగుసలాగా ఎత్తుకుంటాడు. మాట మధ్యలో ఆగుతాడు. ఆర్కెస్ట్రా కూడా అతని కోసం ఆగుతుంది. పోను పోను గొంతు పెరుగుతుంది, బాకాలు అందుకుంటాయి, చివరికొచ్చేసరికి గిర్రున తిరుగుతూ ఆడుతుంటాడు. ఖరీదైన బట్టల్లో వచ్చిన శ్రోతలు మర్యాదలు మరిచిపోయి గొంతు కలుపుతారు.

అసలు పేరు అల్బెర్తో అగిలేరా వలదేస్. 1950 జనవరి 7న మిచోఆకాన్ రాష్ట్రంలోని పరాక్వారోలో, పదిమంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. పొలంలో గడ్డి తగలబెట్టబోతే మంటలు పక్క చేలకు పాకాయి. ఆ దెబ్బకు తండ్రి గాబ్రియెల్ మతి చలించింది, రాజధానిలోని పిచ్చాసుపత్రికి చేర్చారు. తల్లి విక్టోరియా పిల్లల్ని వెంటబెట్టుకుని అమెరికా సరిహద్దులోని సియుదాద్ హువారెస్‌కు చేరి ఇళ్లలో పనికి కుదిరింది. చిన్నవాణ్ని సాకలేక అయిదేళ్ల వయసులో ప్రభుత్వ వసతి పాఠశాలలో వదిలేసింది. అక్కడ రేకుపని నేర్పే హువాన్ కొంత్రేరాస్ ఆ పిల్లవాడికి గిటారు కూడా నేర్పాడు. గురువు పేరులోంచి హువాన్, తండ్రి పేరులోంచి గాబ్రియెల్ తీసుకుని తర్వాత తన పేరు కట్టుకున్నాడు.

దానికి ముందు మరో పేరుంది: అదాన్ లూనా. ఆ పేరుతో హువారెస్‌లోని నోవా నోవా అనే బారులో పాడేవాడు. తర్వాత దాని మీద ఓ పాట కట్టి ఆ బారును దేశమంతా ఎరిగేలా చేశాడు. బారు మాత్రం అగ్నిప్రమాదంలో పోయింది, ఆ జాగా కార్ల పార్కింగ్ అయింది.

అవకాశాల కోసం రాజధానికి వెళితే దొంగతనం నేరం మోపి లెకుంబెర్రి జైల్లో పెట్టారు. ఏడాదిన్నర అక్కడే. అతని పాట విన్న జైలు అధికారి కుటుంబం, 'లా ప్రియెతా లిందా'గా పేరున్న గాయని ఎన్రికెతా హిమేనెస్‌కు పరిచయం చేసింది. ఆమె పూనుకుని విడిపించింది. (ఆ జైలు భవనంలోనే ఇప్పుడు మెక్సికో జాతీయ ప్రాచీన పత్రాలను భద్రపరుస్తున్నారు.) 1971లో ఆర్‌సీఏ కంపెనీకి పాడిన తొలి హిట్టు పాట పేరుకు అర్థం 'నా దగ్గర డబ్బు లేదు'. ఆ మాట అతను ఊహించి రాయాల్సిన అవసరమే లేదు!

1974లో తల్లి పోయింది. ఆమెను తలుచుకునే కట్టాడని చెప్పుకునే 'అమోర్ ఎతెర్నో'ను ముందు జనంలోకి తీసుకెళ్లింది స్పెయిన్ గాయని రొసీయో దుర్కాల్. మాడ్రిడ్‌లో పుట్టిన ఆమె 1977 నుంచి అతని పాటలు పాడి, మెక్సికో వాళ్ల రాంచెరా పాటలకు రాణి అనిపించుకుంది. మెక్సికోలో మే 10 మాతృదినోత్సవం. ఆ రోజు సమాధుల దగ్గర మరియాచి మేళం వాయించే పాట ఇదే. 2019లో అమెరికాలోని ఎల్ పాసోలో సూపర్‌మార్కెట్ కాల్పుల్లో పోయినవారి కోసం జనం గుమిగూడినప్పుడూ ఇదే పాడారు. ఒక కొడుకు ఏడుపు ఊరందరి ఏడుపూ కావడం ఏ పాటకోగాని జరగదు.

డబ్బు విషయంలో మాత్రం అతను మెత్తనివాడు కాదు. తన పాటల హక్కుల కోసం రికార్డు కంపెనీతో పేచీ పడి, 1986 తర్వాత ఎనిమిదేళ్లు కొత్త పాటల ఆల్బమే ఇవ్వలేదు. మంచి ఊపుమీదున్నవాడు అంతకాలం నోరు కట్టుకోవడం చిన్న పందెం కాదు. గెలిచి 1994లో తెచ్చిన ఆల్బమ్ పేరుకు అర్థం 'ఎదురుచూసినందుకు కృతజ్ఞతలు'. ఈలోగా, న్యూయార్క్‌లో ఇంగ్లిష్ డాన్స్ పాటలు పాడుకుంటున్న మార్క్ ఆంథొనీ 1993లో సల్సాలోకి మళ్లింది ఇతని 'అస్తా కె తె కొనొసీ'తోనే.

2002లో ఓ టీవీ విలేకరి, మీరు స్వలింగ సంపర్కులట కదా అని మొహమ్మీదే అడిగాడు. "కళ్లకు కనిపించేదాన్ని అడగరు నాయనా" అన్నాడు హువాంగా. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మగతనాన్ని మీసాలతో, టోపీలతో కొలిచే రాంచెరా లోకంలో తళుకుల కోటుతో నెగ్గుకొచ్చినవాడు మరి.

తల్లి హువారెస్‌లో పనిమనిషిగా చేసిన ఇంటిని అతను తర్వాత కొనేశాడు. 2016 ఆగస్టు 28న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో అతను కన్నుమూస్తే, జనం పూలు పట్టుకుని ఆ ఇంటి ముందే చేరారు. అంతకు రెండు రోజుల ముందే లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో కచేరీ చేశాడు. వయసు 66.

అస్థికలను సెప్టెంబరులో బెయ్యాస్ ఆర్తెస్‌కే తెచ్చారు. చూడ్డానికి లక్షల మంది వరస కట్టారు. 2024 సెప్టెంబరులో, 1990 నాటి ఆ కచేరీ వీడియోను మెక్సికో నగరం నడిమధ్య సోకలో మైదానంలో పెద్ద తెర మీద వేశారు. టికెట్ లేదు. మైదానం నిండిపోయింది, పాటలన్నీ జనమే పాడారు.