మట్టితట్టల నడుమ సమాధానం

పెదగంజాం దగ్గర మొదలై సముద్రపు ఒడ్డు వెంబడి మద్రాసు వైపు సాగే బకింగ్‌హామ్ కాలువలో పడవలు తిరగడం ఎప్పుడో మానేశాయి. ఒంగోలు క్రైస్తవుల చరిత్రలో మాత్రం ఆ కాలువకు గుడికి ఉన్నంత చోటు ఉంది. గుడిలో వినాల్సిన వాక్యాన్ని వేలమంది ముందుగా ఆ కాలువ గట్టు మీదే విన్నారు.

అది ధాత కరువు కాలం. 1876లో వానలు మొహం చాటేశాయి, మరుసటి ఏడు కూడా పంట చేతికి రాలేదు. మద్రాసు రాజధానిలో లక్షలమంది ఆకలికీ, దాని వెనకే వచ్చిన రోగాలకూ బలయ్యారు. సర్కారు కరువు పనులు తెరిచింది గానీ, కూలి దగ్గర పిసినారితనం చూపింది. పరిశీలనకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు చాలని లెక్క కట్టాడు. ఇప్పటి తూకంలో అది అరకిలో కూడా కాదు.

అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. ఈ వృత్తిలోకి రాకముందు భూములు కొలిచే సర్వే పని నేర్చినవాడు. ఆ పాత విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన దగ్గరున్న తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. గునపం పట్టినవాళ్లలో, తట్టలు మోసినవాళ్లలో మాదిగలు ఎక్కువ. పని ఆగిన వేళ బోధకులు వాళ్ల మధ్యే కూర్చుని మాట్లాడేవారు. అందరికంటే ఎక్కువగా చెప్పింది మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలోని మాట: భారం మోసి అలసినవాళ్లను తన దగ్గరికి రమ్మని క్రీస్తు పిలిచిన పిలుపు. పట్నం గుడిలో బల్ల మీద కూర్చుని వినేవాడికి భారం అంటే మనసులో బాధ. నెత్తిన మట్టితట్ట ఉన్నవాడికి అది అక్షరాలా భారమే.

తెలుగు బైబిలు శాంతిని ‘సమాధానం’ అంటుంది. బయట ఆ మాటకు జవాబు అని అర్థం. కాలువ గట్టు మీద ఈ రెండు అర్థాలూ కలిసిపోయినట్టున్నాయి.

అయితే మనశ్శాంతి కోసం ఈ జనం వెతకడం కరువుతోనో, దొరలతోనో మొదలు కాలేదు. ఈ సంగతి చాలా పుస్తకాలు దాటేస్తాయి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాత్రం మాదిగల నోటి కథలు సేకరించి 1899లో ఒక పుస్తకం రాసింది. అందులో చెప్పులు కుట్టే వాడల్లో రాజయోగం సాధన చేసిన మనుషులు కనిపిస్తారు. ఆశ్చర్యపడాల్సింది లేదు, పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుల కథల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడు కదా. ఒంగోలుకు పడమట పల్లెల వాడైన యెర్రగుంట్ల పేరయ్య అలాంటి సాధకుడే. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, లోపలి దేవుడి కోసం కూర్చున్నవాడు. తోళ్ల బేరం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగి చెప్పింది ఆయనే. కొత్త మతం బీడు నేల మీద పడలేదు, అప్పటికే దున్ని ఉన్న చేలో పడింది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైన నాటికి సభ్యులు ఎనిమిది మంది. చేరేవాళ్ల ముందు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. చదవడానికి తేలికగానే ఉన్నాయి. ఊరికి చెప్పులు, బావికి తోలు బానలు, జాతరకు డప్పు అందించాల్సిన మనిషి వారానికొక రోజు ‘ఈ రోజు రాను’ అనడం ఆ కాలంలో ఎంత మాట! ఊళ్లో పెద్దలు అలిగారు, పనులు ఆపారు, గొడవలు పెట్టారు. విశ్వాసం ఇచ్చిన నెమ్మది అలా ఊరి నెమ్మదిని చెడగొట్టింది. ఆ చెడగొట్టడంలో తప్పు వెతకడం కష్టం.

కరువు రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడుతుందని పదిహేను నెలలపాటు ఒక్కరినీ చేర్చుకోలేదు. 1878లో కరువు సాయం ముగిశాక, ఇక పైసా లేదు, ఇళ్లకు వెళ్లి పొలం పనులు చూసుకోమన్నాడు. వాళ్లు కదల్లేదు. తమకు సాయం అక్కర్లేదనీ, కష్టపడే తిన్నామనీ, కావాలంటే అరచేతుల బొబ్బలు చూడమనీ అన్నారు. ‘గింజల క్రైస్తవులు’ అని ఈనాటికీ ఎద్దేవా చేసేవాళ్లు ఈ పదిహేను నెలల సంగతి ఎత్తరు. తిండి పెట్టిన చేయి మీద కృతజ్ఞతే లేదని మిషన్ అభిమానులు వాదిస్తే అదీ నిలవదు. ఆకలినీ, కృతజ్ఞతనూ, వెతుకులాటనూ ఏ లెక్కల పుస్తకం విడదీస్తుంది?

1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరం, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏరు. క్లౌ చివరికి బాప్తిస్మాలకు ఒప్పుకున్నాడు గానీ, తాను నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున, అలసినవాళ్ల చోట మరొకరుగా, సుమారు 9 గంటలపాటు నడుంలోతు నీళ్లలో నిలబడ్డారు. ఆ ఒక్క రోజు లెక్క 2,222. ఎలా సాధ్యమని అడిగేవాళ్లుంటారు. ఇద్దరు బోధకులు ఉంటే తలకు అర నిమిషం పడుతుంది, అంతే. ఆ ఏడాది ముగిసేసరికి చేరినవాళ్లు 9,606.

ఊళ్లో ‘ఒరే’ అనో ‘ఏమే’ అనో పిలిపించుకున్నవాళ్లు ఏటి ఒడ్డున వరుస కట్టి నిలబడ్డారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. పిలిచినవాళ్లు పిలిచినట్టే నీళ్లలోకి దిగారు.