దివికి దారి కాలువే వేసింది

కరీబియన్ సముద్రంలోని జమైకా, సెయింట్ లూసియా లాంటి దీవుల్ని వారం రోజులు కారులో చుట్టి రావడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వెళ్తారు. ఆ దీవుల నడుమ కొండలుంటాయి. ఊళ్లు, రేవులు అంచుల్లోనే పెరిగాయి కనుక రోడ్డు కూడా చాలావరకు సముద్రం పక్కనే సాగి దీవిని చుట్టి వస్తుంది. విజయవాడకు దిగువన కృష్ణ రెండు పాయలుగా చీలి నడుమ నిలిపిన దివిసీమ కూడా దీవే. పేరులోనే ఆ సంగతి ఉంది. కానీ దివి అంచు వెంట ఒక చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికి రావాలంటే రోడ్డు లేదు. పులిగడ్డ దగ్గర దీవిలో అడుగుపెట్టిన దారి అవనిగడ్డ చేరి, అక్కడి నుంచి చేతివేళ్లలా విడిపోతుంది. ఒకటి నాగాయలంకకు, ఒకటి కోడూరు మీదుగా హంసలదీవి వైపుకు పోతాయి. ప్రతి వేలూ పర్ర నేలల్లోనో మడ అడవి అంచునో ఆగిపోతుంది. దీన్ని చాలామంది వెనకబాటుతనం కింద లెక్కేస్తారు. వెనకబాటుతనం ఉన్నమాట నిజమే గానీ, ఈ రోడ్ల ఆకారానికి అసలు కారణం అది కాదని నా ఉద్దేశం. ఈ ప్రాంతంలో రోడ్డును కన్నది కాలువ. నీరు ఎటు పారిందో దారి అటే పోయింది, నీరు ఆగిన చోట దారీ ఆగింది. దివిసీమలో వారం రోజుల ప్రయాణం వేసుకునేవాళ్లు మ్యాపులో రోడ్లను కాక, నీళ్లు దిగివచ్చిన వరసను పట్టుకుని వెళ్లాలని నేననడం అందుకే.

ఆ వరస బెజవాడలో మొదలవుతుంది. 1833 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టాక, డెల్టాకు నది నీళ్లు మళ్లించాలన్న ఆలోచన బలపడింది. గోదావరి మీద ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలైంది. కృష్ణ మీద ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855కు ముగిసింది. ఆనకట్ట అనగానే మనకు పంట గుర్తొస్తుంది. కాటన్ దృష్టిలో మాత్రం కాలువ అంటే సాగునీరు ఒక్కటే కాదు, సరుకు మోసే దారి కూడా. రైలు కంటే నీటి మీద రవాణాయే చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. అందుకే డెల్టా కాలువలకు లాకులు కట్టారు, పడవ సాగేంత లోతు ఉంచారు. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిసింది. పడమటి గట్టున కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను అందుకుంది. దాంతో కాకినాడలో ఎక్కించిన మూటను నేల మీద దింపకుండానే మద్రాసు దాకా చేర్చే వీలు కలిగింది.

ఆ పడవలు ఎలా కదిలేవో ఒకసారి దగ్గరగా చూడాలి. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే పడవకు పొడవాటి తాడు కట్టి, మనుషులు ఆ తాడును భుజానికి తగిలించుకుని గట్టు వెంట వంగి నడుస్తూ లాగేవారు. అలా లాగాలంటే గట్టు చదునుగా ఉండాలి, మనిషి పక్కన మనిషి నడిచేంత వెడల్పుండాలి, నీటి వైపు తాడుకు అడ్డొచ్చే చెట్టు ఉండకూడదు. గట్టును ఏటేటా మట్టి వేసి బాగు చెయ్యాలి, తెగితే రాత్రికి రాత్రి పూడ్చాలి. ఇవన్నీ మంచి రోడ్డుకు ఉండాల్సిన లక్షణాలే కదా. నల్లరేగడి నేలలో వాన పడితే ఎడ్లబండి చక్రం ఇరుసు దాకా దిగబడేది. అలాంటి చోట ఎత్తుగా, గట్టిగా, నీరు నిలవకుండా ఉన్నది కాలువ గట్టు ఒక్కటే. కాబట్టి జనం దాని మీదే నడిచారు, బండ్లు దాని మీదే తోలారు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన పడింది, 1908లో బందరుకు రైలు వచ్చింది, తర్వాత లారీలు వచ్చాయి. పడవలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి, గట్లు మాత్రం మిగిలాయి. విజయవాడలో బందరు కాలువ, బందరు రోడ్డు ఒకే పేరుతో ఒకే ఊరి వైపు సాగడం యాదృచ్ఛికం కాదు. నది వెంట వరదను ఆపడానికి వేసిన కరకట్ట సంగతీ ఇంతే. ఈరోజు తోట్లవల్లూరు, కృష్ణ ఒడ్డునే ఉన్న శ్రీకాకుళం మీదుగా అవనిగడ్డ వెళ్లేవాళ్లు ప్రయాణించేది ఆ కట్ట మీదే.

దీవి కథ మరింత స్పష్టంగా ఉంటుంది. ఆనకట్ట కట్టిన చాలా ఏళ్ల వరకు దివికి కాలువ నీళ్లు లేవు. నడుమ నది పాయ ఉండటమే కారణం. చుట్టూ నీళ్లున్నా పొలానికి ఎక్కే నీళ్లు లేని నేల అది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రభుత్వం నది ఒడ్డున ఇంజన్లు పెట్టి, పెద్ద పంపులతో నీటిని తోడి దీవి మీద పారించే పథకం చేపట్టింది. మన దేశంలో ఇంజన్లతో ఇంత నేలను తడపాలని చూసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఆ తర్వాతే పులిగడ్డ అక్విడక్టు వచ్చింది. కృష్ణా తూర్పుగట్టు కాలువ, ఊళ్లో అందరూ కేఈబీ అని పిలిచే కాలువ, అక్కడ నది పాయ మీదుగా దాటుతుంది. కింద సముద్రం వైపు పోయే నది, పైన పొలం వైపు పోయే కాలువ. ఒకే నది నీళ్లు బెజవాడలో విడిపోయి, ఇన్ని మైళ్లు వేర్వేరు దారుల్లో నడిచి, ఇక్కడ ఒకదాన్నొకటి దాటి వెళ్తున్నాయి. కాలువతో పాటు జనమూ బండ్లూ కూడా ఈ కట్టడం మీదుగానే దీవిలోకి వెళ్లారు. అంటే దివిసీమకు గట్టి దారి దొరికింది మనుషుల రాకపోకల కోసం కాదు, వరి కోసం. వారం ప్రయాణంలో ఇంకేది వదిలేసినా ఈ చోట కాసేపు ఆగి, ఆ రెండు ప్రవాహాల్నీ చూడకుండా ముందుకు పోవద్దు.

ఈ వాదనకు చరిత్ర తెలిసినవాళ్లు వెంటనే అడ్డు చెబుతారు, అది సబబే. కాలువలు రాకముందు ఈ ప్రాంతానికి దారులే లేవా? క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ కంటకస్సిల అని రాసిన వాణిజ్య కేంద్రం మన ఘంటసాలే. నాగార్జునకొండ శాసనంలో కూడా కంటకసెల పేరుంది. రోము వ్యాపారం తెలిసిన ఊరు, బండి చక్రంలా ఆకులు తీర్చిన ఇటుక స్తూపం ఉన్న ఊరు, దారి లేకుండా ఎలా బతికింది? శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో బెజవాడలో కొన్నాళ్లు ఉండి, శ్రీకాకుళం వెళ్లి ఆంధ్రమహావిష్ణువును కొలిచి, హరివాసరం నాడు ఉపవాసమున్నానని ఆముక్తమాల్యదలో తానే చెప్పుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే బందరు (మచిలీపట్నం) నుంచి గండికోటకు వెళ్తూ బెజవాడ మీదుగానే పోయాడు. 1678 ప్రాంతంలో గోల్కొండ నవాబు తానీషా కూచిపూడి భాగవతులకు అగ్రహారం ఇచ్చాడంటే ఆ ఊరికీ రాకపోకలున్నట్టే. ఇవన్నీ ఒప్పుకోవాల్సిన సంగతులే. కానీ వీటిని పటం మీద పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఇవన్నీ దీవికి ఎగువన, నది ఒడ్డునో పాత సముద్రపు రేవుకు దగ్గరగానో ఉన్న ఊళ్లు. ఘంటసాలకు సరుకు వచ్చింది నీటి మీదే. బెజవాడ నుంచి బందరు పోయే పెద్ద బాట డెల్టా పైభాగాన్ని దాటుకుంటూ పోయింది, లోపలికి దిగలేదు. పైగా ఆ బాటలు ఎండాకాలపు బాటలు. వర్షాకాలంలో నేల అడుసైతే ప్రయాణం నది మీదికీ రేవుల మీదికీ మళ్లేది. కాలువలు తెచ్చిన మార్పు కొత్త దారి ఒక్కటే కాదు, ఏడాది పొడవునా ఆరిపోయి ఉండే దారి. ఆ తేడా వల్లే ఘంటసాల, శ్రీకాకుళం, మొవ్వ, కూచిపూడి ఇప్పుడు ఒకే రోజులో చూడగల ఊళ్లయ్యాయి. వాటికి ప్రయాణంలో ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి. శ్రీకాకుళం గుడి ముందు నిలబడినప్పుడు, అదే దేవుణ్ణి నిలదీస్తూ, ఎత్తిపొడుస్తూ ఆంధ్రనాయక శతకం చెప్పిన కాసుల పురుషోత్తమకవి ఈ దివిసీమ మనిషేనని గుర్తుంటే, ఆ ఊరు ఇంకో రకంగా కనిపిస్తుంది.

మరో అభ్యంతరం మామూలు ప్రయాణికులది. పొద్దున్న విజయవాడలో బయల్దేరి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి దర్శించుకుని, హంసలదీవిలో సంగమం చూసి, రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు, దానికి వారం ఎందుకు అని. దూరం లెక్కలో వాళ్ల మాట నిజం. కానీ ప్రయాణాన్ని దూరంతో కాక మజిలీలతో లెక్కేసే పద్ధతి తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ప్రతి మజిలీ దగ్గరా దారి ఎలా ఉంది, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అని ఆయన రాసుకుంటూ పోయాడు. డెల్టాలో అడగాల్సిన ప్రశ్నలు కూడా అవే, ముఖ్యంగా నీటి ప్రశ్న. సార్వాకు నీళ్లు వదిలి నాట్లు పడ్డాక చూసే దివి వేరు, వేసవిలో కాలువలు కట్టేశాక చూసే దివి వేరు. కాలువలు ఎండినప్పుడు గట్లు, లాకులు, తూముల కట్టుబడి అడుగు దాకా కనిపిస్తుంది. ఈ చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఆ కాలమే నయం. మాఘ పౌర్ణమికి వెళ్తే హంసలదీవి సాగరసంగమంలో స్నానానికి వచ్చే జనంతో దారంతా నిండిపోతుంది. చాలామంది ఆ రోజు వద్దంటారు. నేనైతే ఆ రోజే మంచిదంటాను. ఏడాదంతా ఖాళీగా ఉండే ఆ చివరి రోడ్డు అసలు ఎవరికి కావలసి వచ్చిందో ఆ రోజు తెలుస్తుంది. బందరుకు ఒక రోజు కావాలి. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు వరసగా వచ్చి కొట్లు తెరిచిన రేవు అది.

బందరు దగ్గరే ఇంకో సంగతి మొదలవుతుంది. 1864 నవంబరు 1న తుపాను ఉప్పెన ఆ ఊరి మీద పడి 30 వేల మందిని తీసుకుపోయిందని లెక్క. ఆనకట్ట పూర్తయి అప్పటికి తొమ్మిదేళ్లే. 1977 నవంబరు 19న అదే తీరంలో, ఈసారి దివిసీమ మీద, ఉప్పెన తాటిచెట్ల ఎత్తున లేచింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు 10 వేల దాకా ఉన్నారు. గట్లు కొట్టుకుపోయి, చెట్లు అడ్డంగా పడి, తీగలు తెగి, ఎంత ఘోరం జరిగిందో బయటి లోకానికి తెలియడానికే రోజులు పట్టింది. ఇంత దుఃఖం ఉన్న నేలను చూడటానికి పోవడం తగునా అని అడిగేవాళ్లున్నారు. ఆ సంకోచం గౌరవించదగ్గది. కానీ ఆ రాత్రిని మరిచిపోయి దివిని చూడటమే తప్పవుతుంది. అవనిగడ్డలో స్మారకం ముందు ఆగాలి. ఆ తర్వాత రోడ్డును మరో కంటితో చూడాలి. 1990 మే నెలలో కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. ఈసారి ముందే హెచ్చరించి లక్షకు పైగా జనాన్ని ఇళ్ల నుంచి తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యికి లోపే. ఆ వెయ్యీ తక్కువేం కాదు. అయినా 1977కీ 1990కీ మధ్య తేడా తెచ్చినవాటిలో రాడారు, రేడియో, తుపాను షెల్టర్లతో పాటు, పల్లె దాకా బస్సు వెళ్లగల రోడ్డు కూడా ఉంది. పొలానికి నీళ్లివ్వడానికి పోసిన మట్టి, మనుషుల్ని బయటికి తీసుకొచ్చే దారి అయింది.

దివికి రెండో ద్వారం చాలా ఆలస్యంగా తెరుచుకుంది. ఈ శతాబ్దం వచ్చేదాకా అవనిగడ్డ నుంచి ఎదుటి గట్టునున్న రేపల్లెకు వెళ్లాలంటే పెనుమూడి రేవుకు పడవ ఎక్కాలి, లేదా విజయవాడ దాకా వెనక్కి పోయి చుట్టు తిరిగి రావాలి. పెనుమూడి పులిగడ్డ వారధి పడ్డాక కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే తీరపు రహదారి దివి తలమీదుగా పోయింది. ఇక్కడ నా వాదనకు కాస్త చిల్లు పడుతుంది, దాన్ని దాచను. ఈ రోడ్డు కాలువ వేసినది కాదు, లారీలు అడిగి వేయించుకున్నది. అయితే అది దీవి కొసను తాకి పోతుంది తప్ప లోపలికి దిగదు. లోపలి దారులు ఇంకా పాతవే.

అందుకే చివరి రోజును నాగాయలంకకు, ఆ కిందనున్న ఏటిమొగకు ఉంచుకోవాలి. ఏటిమొగ దగ్గర రోడ్డు అయిపోతుంది. ఎదురుగా నది పాయ, అవతల ఎదురుమొండి, దాని చుట్టూ చిన్న దీవులు, ఆపైన మడ అడవి. ఎదురుమొండి జనం దశాబ్దాలుగా పంటు మీదే నదిని దాటుతూ, వారధి కావాలని అడుగుతూ వచ్చారు. మోటారు సైకిళ్లు, పాలక్యాన్లు, రొయ్యల మేత బస్తాలు, బడి పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు అందరూ ఒకే పంటు మీద. గాలి ఎక్కువైతే, వరదొస్తే పంటు ఆగుతుంది. కాలువ నీళ్లు చేరని చోట దారి ఎలా ఉండేదో, ఆనకట్టకు ముందు డెల్టా అంతా ఎలా కదిలేదో ఆ రేవులో నిలబడితే తెలుస్తుంది. అవతలి గట్టున కారుతో పనిలేదు. పంటు తిరిగి ఎన్నింటికి బయల్దేరుతుందో రేవులో ముందే కనుక్కుని దాటాలి.