హరుకో సుగిమురా

హరుకో సుగిమురా జపాన్ రంగస్థల, సినీ నటి. నాటకాల్లో ఆమె కథానాయిక. సినిమాల్లో మాత్రం ఎక్కువగా మేనత్త, పెద్ద కూతురు, పొరుగింటావిడ. విదేశాల్లో ఆమెను గుర్తుంచుకున్నది ఈ చిన్న వేషాలతోనే.

హిరోషిమాలో పుట్టి పెరిగిన సుగిమురా 1927లో టోక్యోలోని త్సుకిజి నాటకశాలలో చేరారు. సొంత ఊరి యాస వదిలించుకోవడానికి చాలా కష్టపడ్డారు. 1937లో ఏర్పడిన బుంగకుజా నాటక సంస్థలో మొదటినుంచీ ఉన్నారు. 1945 ఏప్రిల్‌లో, టోక్యో మీద బాంబులు పడుతున్న రోజుల్లో, ఆ సంస్థ మొరిమొతో కవొరు నాటకం ‘ఒక స్త్రీ జీవితం’ ప్రదర్శించింది. అందులోని కేయి పాత్రను ఆమె తర్వాత 900 సార్లకు పైగా ధరించారు.

దర్శకుడు కురొసావా 1946 చిత్రంలో పల్లెటూరి తల్లిగా కనిపించిన సుగిమురాకు అసలైన చోటు దొరికింది యసుజిరో ఒజు సినిమాల్లో. ‘వసంతాంతం’ (1949)లో ఆమె పెళ్లిసంబంధం కుదిర్చే మేనత్త. గుడి ఆవరణలో దొరికిన పర్సును శుభశకునమని దాచేసుకుంటుంది. ‘టోక్యో కథ’ (1953)లో బ్యూటీ పార్లర్ నడిపే పెద్ద కూతురు షిగే. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు భర్త ఖరీదైన మిఠాయి తెస్తే దండగంటూనే ఒకటి నోట్లో వేసుకుంటుంది. పార్లర్‌కు వచ్చినవాళ్లతో తన అమ్మానాన్నలను ఊళ్లో తెలిసినవాళ్లంటుంది. తల్లికి ప్రాణం మీదికొచ్చిందని తెలియగానే, వెంట సంతాపదుస్తులు తీసుకెళ్లాలా అని అన్నను అడుగుతుంది. తల్లి పోయినప్పుడు వెక్కివెక్కి ఏడుస్తుంది. అంత్యక్రియలయ్యాక భోజనాల దగ్గరే తల్లి నార కిమోనో, నడికట్టు తనకు కావాలంటుంది. ఆ ఏడుపూ నిజమే, ఆ అడగడమూ నిజమే. సుగిమురా రెండింటినీ ఒకే మనిషిలో ఇమిడ్చారు. అందుకే షిగేను చెడ్డదని తోసిపుచ్చలేం. అలాంటి ఆడపడుచు మనకు తెలిసిన ఇళ్లలోనూ ఉంటుంది.

మరో దర్శకుడు మికియో నరుసే సుగిమురాకు ముఖ్యపాత్రే ఇచ్చారు. ‘చివరి చామంతులు’ (1954)లో వడ్డీవ్యాపారం చేసే మాజీ గేషా ఆమె. ఒజు ఆఖరి చిత్రం (1962)లో తండ్రి కోసం పెళ్లి లేకుండా ఉండిపోయిన కూతురిగా కాసేపే కనిపించినా, ముఖం దాచుకుని ఏడ్చే ఆ ఘట్టం కథ దారినే మలుపుతిప్పింది. కురొసావా ‘ఎర్రగడ్డం’ (1965)లో వేశ్యాగృహం యజమానురాలు.

1995లో కనెతో షిందో చిత్రంలో వృద్ధ రంగస్థల నటిగా కథానాయిక అయ్యారు. ఇంకా నటిగానే కొనసాగాలని ఉందంటూ, అదే ఏడు జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక పతకాన్ని తిరస్కరించారు. 1997 ఏప్రిల్ 4న మరణించారు.