పోస్ట్‌గ్రెస్‌లో టేబుళ్ల వారసత్వం ఎక్కడ ఆగింది?

1987లో బర్క్‌లీకి చెందిన మైకేల్ స్టోన్‌బ్రేకర్, లారెన్స్ రో పోస్ట్‌గ్రెస్ డేటా మోడల్‌ను ప్రకటించినప్పుడు, ఒక టేబుల్ కాలమ్‌లు మరొక టేబుల్‌కు వారసత్వంగా అందడం అందులో ఒక ముఖ్యాంశం. నగరాల టేబుల్‌కు రాజధానుల టేబుల్ పిల్ల అయితే, నగరాలను అడిగినప్పుడు రాజధానులూ రావాలి. 2001లో వచ్చిన 7.1 వెర్షన్ నుంచి అడగకుండానే అలా వస్తున్నాయి. అయితే చెక్, నాట్ నల్ నిబంధనలు పిల్ల టేబుల్‌కు దిగుతాయి గానీ ప్రైమరీ కీ, యూనిక్, ఫారిన్ కీ దిగవు. నగరాల్లో ఉన్న పేరునే రాజధానుల్లో మళ్లీ చేర్చినా అడ్డుకునేవారుండరు. దీన్ని సగంలో వదిలేసిన పనిగా చూడడం తేలిక. అసలు కారణం మరింత లోతున ఉందని నా అభిప్రాయం. చెక్ నిబంధన ఒక్క రోను చూస్తే తేలిపోతుంది. ఏకత్వం తేలాలంటే మిగతా రోలన్నీ తెలియాలి. అది తెలిపే ఇండెక్స్ పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క టేబుల్‌కే చెందుతుంది.

ట్రిగ్గర్ రాస్తే సరిపోదా అని అడగవచ్చు. మామూలు ఐసొలేషన్‌లో రెండు ట్రాన్సాక్షన్లు ఒకేసారి నడిస్తే, ఒకటి ఇంకా కమిట్ చేయని రో రెండోదానికి కనబడదు. లాక్ వేయని ట్రిగ్గర్ రెండింటినీ అనుమతిస్తుంది. అన్ని టేబుళ్లూ ఒకే సీక్వెన్స్‌ను పంచుకున్నా, ఎవరైనా సంఖ్యను చేత్తో ఇస్తే ఆ భరోసా పోతుంది. పార్టిషన్ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పెద్ద టేబుళ్లను ముక్కలు చేయడానికి వారసత్వాన్నే వాడుకున్నారు, 2005లో 8.1 వెర్షన్ చెక్ నిబంధనలను బట్టి అక్కర్లేని ముక్కలను వదిలేయడం నేర్చుకుంది. 2017లో 10వ వెర్షన్ పార్టిషన్లకు సొంత వాక్యనిర్మాణం ఇచ్చింది, 2018లో 11వది వాటి మీద ప్రైమరీ కీని అనుమతించింది. గోడ కూలినట్టేనా? ఆ కీలో పార్టిషన్ కాలమ్‌లు తప్పక ఉండాలి, ఎందుకంటే ప్రతి ముక్కకూ ఇండెక్స్ ఇప్పటికీ వేరే. పైగా పార్టిషన్‌కు తనదైన అదనపు కాలమ్ ఉండకూడదు కాబట్టి, రాజధానికి మాత్రమే ఉండే వివరాలకు అక్కడ చోటు లేదు.

అందుకే నేను పాత మార్గాన్నే సమర్థిస్తాను: ఐడీ, రకం ఉన్న ఒకే ఉమ్మడి టేబుల్, ఆ రెంటినీ కలిపి ఫారిన్ కీగా పెట్టుకుని, రకాన్ని చెక్‌తో బిగించిన విడి టేబుళ్లు. గుర్తింపు ఒక్క ఇండెక్స్‌లో ఉంటుంది, బయటి టేబుళ్లూ దాన్నే సూచిస్తాయి. ప్రతి చేర్పుకూ రెండు రాతలు, ప్రతి చదువుకూ ఒక జాయిన్ అవుతాయన్న అభ్యంతరం నిజమే. కానీ ఆ ఖర్చు మొదటిరోజే కొలతకు అందుతుంది. డూప్లికేట్ రోలు అలా అందవు, అవి బయటపడేసరికి ఏ రో అసలుదో తేల్చే ఆధారం డేటాబేస్‌లో మిగలకపోవచ్చు.