జేబూ మనదే, చాకూ మనదే



మన నౌజవాన్లలో ఈమధ్య కొత్త షౌక్ ఒకటి మొదలైంది. మల్టీటూల్. గుప్పిట్లో పట్టే ఇనుప ముక్కలోనే పటకారు, చాకు, స్క్రూడ్రైవర్, కత్తెర అన్నీ మడిచి ఉంటాయి. రుద్రవరం, ఆళ్లగడ్డ మధ్య బండి మీద తిరిగే మెకానిక్‌కీ, పొలంలో మోటారు స్టార్టర్‌తో కుస్తీ పట్టే రైతుకీ ఇది పనికొచ్చే చీజే. అయితే ఏది కొనాలి? ఈ సవాల్‌కి జవాబు దుకాణంలో కంటే తారీఖ్‌లో బాగా దొరుకుతుంది.

ముందు లఫ్జ్‌లు చూడండి. తుర్కీలో 'చాకీ' అంటే ఇప్పటికీ మడత చాకే. ఆ మాట ఫార్సీలో 'చాఖూ' అయి, ఉర్దూ మీదుగా తెలుగింటి వంటగదికి చేరింది. 'జేబు' అరబీ 'జైబ్' నుంచి వచ్చింది. దాని అసలు మానీ అంగీ గల్లా దగ్గర ఉండే చీలిక. జేబుచాకు అని ఏ తెలుగువారు అన్నా, ఆ రెండు లఫ్జ్‌లూ మన బుజుర్గుల జబాన్ దాటి వచ్చినవే.

ఆ చాకు పుట్టింది లడాయి కోసం కాదు. మన తహజీబ్‌లో దాని పాత రూపం ఖలమ్‌తరాష్, అంటే రెల్లు కలం మొన చెక్కే చిన్న చాకు. కాతిబ్‌కీ మున్షీకీ అది లేనిదే రోజు గడవదు. బగ్దాద్ ఖత్తాత్ యాఖూత్ అల్ ముస్తాసిమీ (వఫాత్ 1298) కలం మొనను వాలుగా కోసి, రాతకే కొత్త హుస్న్ తెచ్చాడు. ఇంగ్లీషువాళ్ల 'పెన్‌నైఫ్' కూడా ఈక కలం చెక్కుకునేందుకు వచ్చిందే.

ఇక నేటి మల్టీటూల్ ఖిస్సా. స్విస్ ఫౌజ్ సిపాయిలకు కొత్త రైఫిల్ విప్పడానికి స్క్రూడ్రైవర్, డబ్బా తిండి తెరవడానికి ఓపెనర్ కావాల్సి వచ్చాయి. వాటికి చాకునూ, తోలుకు చిల్లు పెట్టే సూదినీ కలిపి ఒకే పిడిలో అమర్చారు. కార్ల్ ఎల్సెనర్ అనే కారీగర్ 1891లో ఆ చాకుల్ని ఫౌజ్‌కి అందించడం మొదలుపెట్టాడు. 1897లో అఫ్సర్ల కోసం చేసిన రకంలో కార్క్‌స్క్రూ చేర్చాడు. అది షరాబు సీసా బిరడా లాగే తీగ. మన ఇళ్లలో దానితో ఏం పని?

1975లో టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ పాత ఫియట్ కారులో సఫర్ చేస్తూ, దాన్ని మాటిమాటికీ బాగుచేసుకోవాల్సి వచ్చింది. చాకు ఉంది, పటకారు లేదు. ఆ కమీ తీర్చే ఔజారు బజారుకి రావడానికి 8 ఏళ్లు పట్టింది. 1983లో వచ్చిన ఆ ఔజారుకి నడుమ భాగం పటకారే. ఇలా ప్రతి ఔజారూ ఒక జరూరత్ నుంచే పుట్టింది.

ఔజారు భుజాన వేసుకుని ఊరూరా తిరగడం మనకూ కొత్త కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 14 ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టంలో తురక కాశ వాళ్లు ఉన్నారు. వాళ్లకున్న మిగతా పేర్లు చదవండి: రోళ్లకు కక్కు కొట్టేవారు, చక్కీ టాకనేవాలే. ఉలీ సుత్తీ పట్టిన చేతుల హునరే వాళ్ల పహచాన్.

కానీ ముస్లిం చేతిలోని ఇనుమును హుకూమత్ ఎప్పుడూ హునర్‌గానే చూడలేదు. కర్నూలు కోటలో భారీగా ఆయుధాలు పోగేశాడన్న ఇల్జామ్‌తో కుంఫిణీ 1839లో నవాబ్ గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించింది. మరుసటి ఏడు తిరుచిరాపల్లిలో ఆయన హత్యకు గురయ్యాడు. 1878 ఆయుధ చట్టం హిందుస్తానీలకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను మాత్రం వదిలేసింది. పైగా మనది ఫ్యాక్షన్ మచ్చ పడ్డ సీమ. మన కుర్రాడి జేబులో పొడవాటి చాకు కనిపిస్తే షక్ పుట్టడానికి ఎంతో సేపు పట్టదు.

కాబట్టి ఖానూన్ తెలుసుకోవాలి. 1959 ఆయుధ చట్టం కింది నియమాలు 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగును ఆయుధాల్లో లెక్కిస్తాయి. ఇంటికీ సేద్యానికీ పరిశ్రమకూ చేసిన వాటిని ఆ లెక్కలోంచి తీసేస్తాయి. మల్టీటూల్ చాకు సాధారణంగా 3 అంగుళాల లోపే. అయినా జల్సాకీ జులూస్‌కీ వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లడమే అఖల్‌మందీ. ఉమ్రాకో కువైట్‌కో విమానమెక్కేవారు చేతి సంచిలో పెట్టుకోకూడదు, చెకిన్ సామానులో వేయాలి.

ఇందులో మన దీన్ నేర్పిన అదబ్ కూడా ఉంది. బాణాలతో మస్జిద్‌లోకో బజారులోకో వచ్చేవారు ఎవరికీ గుచ్చుకోకుండా మొనలు చేత్తో పట్టుకోవాలని హదీస్‌లో తాకీదు ఉంది. పనయ్యాక అలుగును తన పిడిలోనే దాచుకునే మడత చాకు ఆ అదబ్‌కి దగ్గరగా ఉంటుంది.

ఇక ఎంపిక సులువే. ఒక హఫ్తా పాటు మీ చేతికి ఏ ఔజారు ఎన్నిసార్లు కావాల్సి వచ్చిందో రాసుకోండి. వైర్ల పని ఎక్కువైతే పటకారు ముఖ్యం. పిడి మీద ఇన్సులేషన్ ఉండదు కాబట్టి కరెంటు ఆపాకే పెట్టాలి. కుట్టుపని చేసే ఆపాకి మంచి కత్తెర ఉన్న చిన్నది చాలు. పదిహేను ఔజార్లు ఉన్నదాని కంటే, మీకు కావాల్సిన నాలుగూ గట్టిగా ఉన్నది మేలు. కీళ్లలో అలుగు ఊగకూడదు, ఒక చేత్తో పట్టుకుంటే బరువనిపించకూడదు. వానాకాలం ఒక చుక్క నూనె వేస్తే తుప్పు దూరం.

మీ జేబులోది మీ హునర్‌కి గవాహీ ఇవ్వాలి. ఎవరైనా ఆపి ఇది ఎందుకని అడిగితే, మీ పని పేరే జవాబు కావాలి.