కోరస్ జిగ్‌లో ఎడమచెయ్యి ఎవరికి?

న్యూ ఇంగ్లండ్ వైపు ఉంటున్నవాళ్ళు ఏ టౌన్ హాల్లోనో కాంట్రా డాన్స్ చూసే ఉంటారు. మగవాళ్ళదో వరస, ఆడవాళ్ళదో వరస, ఎదురెదురుగా. మన కోలాటం గుర్తొస్తుంది కదూ? కర్రలుండవు, అంతే. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ అచ్చేసిన పుస్తకంలోని నాట్యాల సంతతే ఇది. వలస వచ్చినవాళ్ళతో పాటు సముద్రం దాటింది.

వాటిలో కోరస్ జిగ్ అని ఒక పాతది ఉంది. పేరుకే జిగ్. వాయించేది రీల్. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి చెప్పాలంటే నడక తిశ్రం కాదు, చతురశ్రం.

మొత్తం 64 కౌంట్లు. వరసలో జంట విడిచి జంట ‘ఆక్టివ్’. మొదటి 16లో ఆ జంట తమ వరసల వెనకనుంచి కిందికి నడిచి తిరిగొస్తారు. తర్వాత మధ్యలోంచి వెళ్ళి, వెనక్కొచ్చి, పక్క జంటని చుట్టి వాళ్ళకి కింద నిలబడతారు. ఇంతవరకూ ఎవరూ మర్చిపోరు. తికమకంతా మూడో 16లో, కాంట్రా కార్నర్స్ దగ్గర.

ముందు తమ జంటకి కుడిచెయ్యి ఇచ్చి తిరగాలి. ఎదుటి వరసలో కుడిమూల మనిషికి ఎడమచెయ్యి. మళ్ళీ తమ జంటకి కుడి. తర్వాత ఎడమమూలకి ఎడమ. ఆఖరి 16లో జంటతో బాలెన్స్, స్వింగ్. మూలలు ఏవో మీ వరసలో నిలబడి ఉన్నప్పుడే చూసిపెట్టుకోండి. ఒకసారి తిరిగాక కుడి ఎటో, ఎడమ ఎటో తెలీదు!

న్యూ హాంప్‌షైర్‌కి చెందిన రాల్ఫ్ పేజ్ 1949 నుంచి 1984 దాకా ‘నార్తర్న్ జంకెట్’ అనే చిన్న పత్రిక నడుపుతూ ఇలాంటి డాన్సులు అచ్చువేశాడు. కానీ కాగితం మీద ‘కాంట్రా కార్నర్స్ తిరగండి’ అని ఒక్క ముక్కే ఉంటే కొత్తవాళ్ళకేం తెలుస్తుంది? వంటల పుస్తకంలో ‘తగినంత ఉప్పు’ లాంటిదే అది. పక్కనున్న పెద్దవాళ్ళు చెయ్యి పట్టి చూపించాల్సిందే.

ఆ చూపించేవాళ్ళే తగ్గుతున్నారు. ఇప్పటి కొత్త డాన్సుల్లో అందరూ ఎప్పుడూ కదులుతూనే ఉంటారు. కోరస్ జిగ్‌లో సగం జంటలు చాలాసేపు నిలబడాలి, అది విసుగంటారు. నాకైతే అసలు పని వాళ్ళదే అనిపిస్తుంది. మీరు అలా నిలబడ్డప్పుడు పై ఆక్టివ్ జంట నుంచి ఒకరు, కింది జంట నుంచి ఒకరు మీ దగ్గరికొస్తారు. ఇద్దరికీ ఎడమచెయ్యే. మీరు కబుర్లలో పడి అది అందించకపోతే వాళ్ళిద్దరూ మధ్యలో దిక్కులు చూస్తారు.

ఈసారి వెళితే వరస మధ్యలో, తెలిసినవాళ్ళ పక్కన నిలబడండి. హ్యాండ్‌బ్యాగు మాత్రం కుర్చీలో వదిలేసి వెళ్ళండి, ఎడమచెయ్యి ఖాళీగా ఉండాలి.