కృష్ణ ఎగువన వేగపు పడవ: పుట్టి నుంచి స్పీడ్‌బోటు దాకా

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేగంగా పోయే మోటారు పడవకు చోటు దొరికింది కృష్ణ మీద జలాశయాలు కట్టిన తర్వాతే. అంతకు ముందు ఈ మెట్ట సీమలో కృష్ణ రాళ్ల నడుమ పారే నది. తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, ఆలంపూర్ దిగువన తుంగభద్రను కలుపుకొని, నల్లమల కొండల మధ్య ఇరుకు లోయలో పడుతుంది. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి చేరాక మట్టపల్లి మీదుగా కోస్తాకు దిగుతుంది. వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుంటూ ఉరికేది, ఎండాకాలంలో చాలాచోట్ల మనుషులు నడిచి దాటేంత లోతుకు తగ్గేది. గోదావరి దిగువన నడిచినట్టు తెరచాప పడవలు సరుకు వేసుకొని ఎగువకు రావడం ఇక్కడ కుదరలేదు. నది పొడవునా ప్రయాణం లేదు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటడమే పడవ పని.

ఆ పనికి పుట్టిని మించింది లేదు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పైన గేదె తోలు బిగించేవారు. తర్వాతి కాలంలో తోలు స్థానంలో తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టాలు, ఇప్పుడు ఫైబర్ వచ్చాయి. దానికి ముందూ వెనకా లేవు. ఒక్క తెడ్డుతో సుడి తిప్పుకుంటూ పోతుంది. నీళ్లలో కొద్ది అంగుళాలే దిగుతుంది కనుక బండల మీదుగా కూడా జారిపోతుంది. ఒడ్డుకు చేరాక చిన్న పుట్టినైతే ఒక మనిషే నెత్తిన బోర్లించుకొని ఇంటికి మోసుకుపోతాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇలాంటి బుట్ట పడవల గురించి రాశాడు. లోపల పేము, బయట తోలు, పదిహేను ఇరవై మంది మనుషులు, అవసరమైతే గుర్రాలు, ఎద్దులు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే కూడా ఎద్దు తోలు కప్పిన బుట్ట పడవలను వర్ణించాడు. శతాబ్దాల పాటు దీని రూపం పెద్దగా మారలేదంటే ఈ నదికి అది సరిగ్గా అమరిందన్నమాట. వేగం పుట్టి లక్షణం కాదు. తక్కువ లోతులో ఎక్కువ బరువు మోయడమే దాని గొప్పతనం.

నీటి తీరు మారింది ఆనకట్టలతో. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. పూర్తి మట్టం 590 అడుగులు, నిండితే సుమారు 285 చదరపు కిలోమీటర్ల నీళ్లు. ఎగువన శ్రీశైలానికి 1963లో పునాది పడింది. 1980ల నాటికి 885 అడుగుల మట్టంతో 600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల దాని కిందికి వెళ్లింది. కొల్లాపూర్, ఆలంపూర్ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. సోమశిల, కూడవెల్లి గుడులను రాయి రాయి విప్పి మెరకకు తరలించారు. ఒకప్పుడు పుట్టి మీద చిటికెలో దాటిన రేవు సరస్సంత వెడల్పైంది. తెడ్డు చాలదు, ఇంజిన్ కావాల్సి వచ్చింది.

సాగర్ నీళ్లలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునగగా, నాగార్జునకొండ దీవిగా మిగిలింది. తవ్వకాల్లో దొరికిన శిల్పాలతో అక్కడ 1966లో మ్యూజియం తెరిచారు. దానికి వెళ్లాలంటే లాంచీ తప్ప దారి లేదు. రెండు జిల్లాల్లో యంత్రపు పడవ మామూలు జనానికి పరిచయమైంది ప్రధానంగా ఈ లాంచీ ద్వారానే. ఆ తర్వాత సాగర్ నుంచి శ్రీశైలానికి, సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక లాంచీలు నడిచాయి. వంద కిలోమీటర్లు దాటే ఈ దారుల్లో ప్రయాణం ఐదు నుంచి ఏడు గంటలు పడుతుంది. ఇంత సమయం పట్టే చోట వేగపు పడవ ఎందుకు పాతుకుపోలేదన్నది తేల్చాలంటే ఆ పడవ పనిచేసే తీరు చూడాలి.

లాంచీ నీటిని పక్కకు తోసుకుంటూ పోతుంది. అలాంటి పడవకు తన పొడవును బట్టి ఒక వేగపు హద్దు ఉంటుంది. 50 అడుగుల లాంచీకి అది గంటకు 17, 18 కిలోమీటర్లు. ఆపైన ఎంత పెద్ద ఇంజిన్ పెట్టినా తాను లేపిన అలనే ఎక్కలేక అవస్థ పడుతుంది. స్పీడ్‌బోటు మార్గం వేరు. తేలికైన ఒళ్లు, చదునుకు దగ్గరగా ఉండే అడుగు, బరువుకు మించిన ఇంజిన్ ఉంటే పడవ ముక్కు లేపి నీటి పైకి ఎక్కి జారిపోతుంది. 1909లో అమెరికాలో ఓల్ ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చిన అవుట్‌బోర్డ్ మోటారు చిన్న పడవకు ఇంజిన్‌ను అందుబాటులోకి తెచ్చింది. అడుగును లోతైన ‘వి’ ఆకారంలో మలచిన రేమండ్ హంట్ నమూనాతో రిచర్డ్ బెర్‌ట్రామ్ 1960లో మయామీ–నసావు పందెం గెలిచాక, అలలను కోసుకుపోయే వేగపు పడవలకు అదే ఒరవడి అయింది. సముద్రపు పందేల్లో నడిపేవాళ్లు నిలబడి, మోకాళ్లతో కుదుపును ఓర్చుకునే పద్ధతి ఉంది. కూర్చునే పడవలో ఆ దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. అయితే బరువు కిందికి ఉంటుంది, మనిషి తూలి నీళ్లలో పడడు. అలలు చిన్నవిగా ఉండే జలాశయానికి కూర్చునే ఏర్పాటే మేలు.

తెలుగువారు ఈ జాతి పడవల పరాకాష్ఠను కృష్ణ మీదే చూశారు. 2018 నవంబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ వద్ద ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ పవర్‌బోట్ పోటీలు జరిగాయి. ఆరు మీటర్ల పొడవున రెండు ఒళ్లు జతచేసిన కటమరాన్ పడవ, నాలుగు వందల హార్స్‌పవర్ ఇంజిన్, మూసిన గదిలో బెల్టులు బిగించుకొని కూర్చున్న ఒక్క డ్రైవరు, గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగం. ప్రకాశం బ్యారేజీ వెనక నీటిమట్టాన్ని నిలకడగా ఉంచుతారు కనుక అక్కడ అది సాధ్యమైంది.

ఎగువన నీళ్లకు ఆ నిలకడ లేదు. సాగర్ పూర్తి మట్టం 590, కనీస మట్టం 510. ఏడాదిలో ఎనభై అడుగుల దాకా తేడా రావచ్చు. శ్రీశైలంలో సెప్టెంబర్‌లో పడవ తిరిగిన చోట మేలో పొలం గట్లు బయటపడతాయి. సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరాలయం నీళ్లు తగ్గిన నెలల్లో మాత్రమే దర్శనమిస్తుంది. నిండుగా ఉన్నప్పుడు అది నీటి కిందే ఉంటుంది. మట్టం దిగుతున్న కొద్దీ మునిగిన గోడలు, మోడులు, బండలు ఒక్కొక్కటిగా నీటి పైపొరకు దగ్గరవుతాయి. గంటకు 15 కిలోమీటర్లతో పోయే పడవ వాటిని తాకితే గీరుకుంటుంది, 60 కిలోమీటర్లతో తాకితే పగులుతుంది. పైగా రేవు ఒకచోట ఉండదు. నీరు దిగితే ఒడ్డు బురదలోకి జరిగిపోతుంది, బరువైన ఇంజిన్ ఉన్న పడవను అక్కడి నుంచి లాగడం కష్టం.

ప్రొపెల్లర్ లేని జెట్ పడవ కొంత మేలే. న్యూజిలాండ్‌లో రాళ్లు బయటపడే లోతు తక్కువ నదుల కోసం విలియం హామిల్టన్ 1950ల్లో దాన్ని రూపొందించాడు. నీటిని లోపలికి పీల్చి వెనక్కు చిమ్ముతుంది, కింద విరిగేందుకు ఏమీ ఉండదు. ఎడ్మండ్ హిల్లరీ 1977లో అలాంటి పడవల్లోనే గంగాసాగర్ నుంచి నందప్రయాగ దాకా గంగకు ఎదురెక్కాడు. కానీ పీల్చుకునే నీటితో పాటు నాచు, వల ముక్కలు కూడా లోపలికి పోతాయి. కృష్ణ జలాశయాల్లో వలలకు కొదవలేదు. పుట్టిలో వెళ్లి సాయంత్రం వల వేసి తెల్లవారి తీసుకొనే జాలరికి స్పీడ్‌బోటు రెండు విధాల నష్టం చేస్తుంది. ప్రొపెల్లర్ వలను కోస్తుంది, వెనక లేచే అల పుట్టిని కుదిపేస్తుంది. ఒడ్డున నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు ఉన్నాయి, నీళ్లలో మొసళ్లు ఉన్నాయి. ఆ లోయలో ఇంజిన్ రొద చాలా దూరం వెళ్తుంది.

ఖర్చు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. రేవును బట్టి నాగార్జునకొండ 11 నుంచి 14 కిలోమీటర్లు. లాంచీకి గంట పడుతుందనుకుంటే, 50 కిలోమీటర్ల వేగంతో పోయే స్పీడ్‌బోటు పావుగంట పైచిలుకులో చేరుస్తుంది. నూరు హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్ పూర్తి వేగంలో గంటకు 35 లీటర్ల దాకా తాగుతుంది. ఆరుగురిని తీసుకెళ్లి తెచ్చేందుకు 20 లీటర్లు, అంటే మనిషికి మూడు లీటర్ల పైన. నూరు మందిని ఎక్కించుకున్న డీజిల్ లాంచీకి రానూపోనూ 40 లీటర్లు అయినా మనిషికి అర లీటరు కాదు. ఆ నూరు మందిని స్పీడ్‌బోటు చేర్చాలంటే 17 సార్లు తిరగాలి. అందుకే పర్యాటక రేవుల్లో దానికి మిగిలింది ఒడ్డు చుట్టూ తిప్పి తెచ్చే కొద్ది నిమిషాల సరదా సవారీ. దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు గానీ, దాన్నే రవాణా అనుకుంటే పొరపాటు.

రేవు ఊళ్ల అవసరం ఎప్పుడూ వేగం కాలేదు. 2007 జనవరిలో శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో నెహ్రూనగర్, మంచాలకట్టల మధ్య పడవ మునిగి 60 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి రేవుల్లో కావలసినవి లెక్కకు మించి ఎక్కించుకోని పడవ, అందరికీ కూర్చునే చోటు, ఒంటి మీద లైఫ్ జాకెట్. నిలబడ్డ జనం ఒక పక్కకు జరిగితే ఏ పడవైనా ఒరుగుతుంది. స్పీడ్‌బోటు నుంచి నాటు పడవ నేర్చుకోదగ్గది ఇదే: సీటుకు ఒకరు, సీటు లేకపోతే ఎక్కనివ్వరు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్‌ను, తనిఖీని, నడిపేవారికి అర్హతను తప్పనిసరి చేసింది.

వేగపు పడవ ఈ నేలకు నిజంగా పనికొచ్చేది వరదలో. 2009 అక్టోబర్ మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. నీటిమట్టం పూర్తి స్థాయిని దాటి 896 అడుగులకు చేరింది. ఆలంపూర్ మునిగింది, తుంగభద్ర ఒడ్డున రాజోలి నేత మగ్గాలతో సహా నీటి పాలైంది. ఎదురు ప్రవాహాన్ని తెడ్డు ఆపలేదు, లాంచీ ఊరి సందుల్లోకి రాలేదు. అక్కడ పనికొచ్చేది లారీలో వేసుకొచ్చి గాలి నింపి నీళ్లలో దింపే రబ్బరు పడవ, దానికి 25 నుంచి 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్, అడుగున కూర్చున్న ఏడెనిమిది మంది. అలాంటి చోట ప్రతి నిమిషానికీ విలువ ఉంటుంది, లీటరు పెట్రోలు లెక్కలోకి రాదు.

సోమశిల–సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు కేంద్రం 2022లో అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే అక్కడ దాటే అవసరం చాలావరకు తీరుతుంది. వంతెన లేని రేవులు మాత్రం ఇంకా ఉంటాయి. జూన్ రాకముందే అలాంటి ప్రతి రేవులో ఇంధనం నింపిన ఒక రక్షణ పడవను, నడపడం వచ్చిన ఇద్దరు స్థానిక జాలర్లను సిద్ధంగా ఉంచడం ప్రభుత్వం చేయవలసిన పని.